పిడికెడు ఎండుద్రాక్ష

డిసెంబరు మాసమున బిలాస్‌పూర్‌లోని మంగ్లాలో తొమ్మిది గంటలు దాటినగాని ఎండకు వేడి రాదు. అర్పా నది వైపునుండి పొగమంచు వీధులలోనికి దిగి, ఉసలాపూర్ మీదుగా కట్నీ పోవు గూడ్సుబండి కూత చెవికి వినబడునేగాని ఆ దిక్కున కంటికి ఏమియు ఆనదు. అట్టి యొక యుదయమున మా మేనత్తగారి పెరటి అరుగుమీద, తులసికోట చెంత, స్టీలు గిన్నెలో, పండ్ల కేకునకై తీసిన 125 గ్రాముల వెన్న ఎండ కాచుకొనుచుండెను. కాకి వాలకుండ, చేత చీపురుపుల్ల పట్టుకొని, 78 ఏండ్ల మా అత్తయ్య దానికి కాపలా కూర్చుండెను. వెన్న రాయివలె నున్నచో గ్రుడ్లతో కలియదు. కరగి నూనెయైనచో గాలిని పట్టి నిలుపదు. వ్రేలితో నొక్కినపుడు గుంట పడవలెను, పడిన గుంట పూడకుండవలెను. ఈ లక్షణమును ఆమెకు ఏ పుస్తకమును నేర్పలేదు. 60 ఏండ్ల క్రిందట, పార్వతీపురము వైపునుండి క్రొత్తకోడలుగా రైల్వే కాలనీలో అడుగుపెట్టిన నాడు, ప్రక్క క్వార్టరులోని ఆంగ్లో ఇండియన్ డ్రైవరుగారి ఇల్లాలు నేర్పినది.

తెలుగువారికిని, పండ్ల కేకునకును, ఛత్తీస్‌గఢ్‌లోని ఈ ఊరికిని పొత్తు ఎట్లు కుదిరినదని చదువరులు అడుగవచ్చును. కుదిర్చినది ఇనుపదారి. 1887లో పుట్టిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ నాగపూరునుండి అసన్‌సోల్ వరకు వేసిన మార్గము 1891 నాటికి పూర్తియై, కట్నీ వైపు చీలిన శాఖతో బిలాస్‌పూర్ జంక్షనైనది. జంక్షనైనచోట ఇంజనుల షెడ్డు, షెడ్డున్నచోట కాలనీ, కాలనీ ఉన్నచోట పది భాషలు. 1931లో విజయనగరము–రాయపూర్ మార్గము ఆసాంతము తెరువబడిన పిమ్మట బొబ్బిలి, పార్వతీపురము ప్రాంతములవారికి ఈ దేశము దగ్గరైనది. ఖలాసీలుగను, ఫైర్‌మన్‌లుగను, గుమాస్తాలుగను, గార్డులుగను వచ్చినవారు వచ్చినట్లే నిలిచిపోయిరి. 2003లో బిలాస్‌పూర్ కేంద్రముగా ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడునప్పటికి వారి మనుమలు తెలుగును ఇంటిలోను, హిందీని వీధిలోను, ఛత్తీస్‌గఢీని బజారులోను మాటలాడు మూడవ తరమైరి. మంగ్లా ఒకప్పుడు ఊరి వెలుపలి పల్లె. నేడు నగరములో కలిసిపోయిన పేట. పింఛను డబ్బుతో ఇక్కడ ఇల్లు కట్టుకొన్న రైల్వేవారిలో గార్డుగా విరమించిన మా మావయ్య యొకడు. ఆయన పోయి 11 ఏండ్లైనది. ఆయన డ్యూటీకి వెంట తీసికొనిపోయిన లైన్ బాక్సు మాత్రము ఇప్పటికిని వంటింటి మూలను కూర్చుండి, కేకు సామానులకు పెట్టెగా నౌకరీ చేయుచున్నది.

మా ఇంట పూర్వము చేసెడి పాత కేకును గూర్చి కొంత చెప్పక తప్పదు. ఏలయన, దానిని ఎఱుగనివారికి ఈ క్రొత్త దాని కష్టము తెలియదు. దీపావళి వెళ్ళిన వారమునకే గాజుసీసాలో నల్ల ఎండుద్రాక్ష, కిస్‌మిస్, చెర్రీలు, టూటీఫ్రూటీ, చిన్నగా తరిగిన నారింజతొక్క రమ్ములో మునిగెడివి. నెల దాటిన తరువాత వాని కడుపులు ఉబ్బి, సీసా మూత తీసినంతనే ఇంటిల్లిపాదికిని డిసెంబరు వచ్చినట్లు తెలిసెడిది. పావుకిలో వెన్న, పావుకిలో పంచదార, పావుకిలో మైదా, అరకిలో పండ్లు. మాడ్చిన పంచదార పాకముతో నల్లరంగు. దాల్చినచెక్క, లవంగము, జాజికాయ, జాపత్రి, శొంఠి. ఇండ్లలో ఓవెన్లు లేని రోజులవి. కాలనీ ఇల్లాండ్రు టిన్నుల మీద పేర్లు వ్రాసి బేకరీ కట్టెల భట్ఠీకి పంపి, రొట్టెలు దిగిన తరువాతి మంద్రమైన వేడిలో కాల్పించుకొనెడివారు. ఒకరి టిన్ను మరియొకరి ఇంటికి చేరి, పండ్లు ఎక్కువ పడిన కేకు ఎవరిదో తేలక, వీధి వీధియంతయు రెండు దినములు మాటలు మానుకొన్న క్రిస్‌మస్ కూడ కలదట. మావయ్య భన్వర్‌టోంక్ ఘాటు మీద డ్యూటీకి పోవునపుడు ఒక ముక్కను వెన్న కాగితములో చుట్టి లైన్ బాక్సులో, జెండాలకును దీపమునకును నడుమ, పెట్టుకొని పోయెడివాడు. క్రిస్‌మస్‌కు చేసిన కేకు సంక్రాంతికి పార్వతీపురము చేరి, అక్కడ శివరాత్రి వరకు ముక్కముక్కగా ఖర్చగుట మా వంశమున ఆచారము. ఈ నిలువయుండు గుణమును చదువరులు గుర్తుంచుకొందురుగాక; మరల దానితో పని యున్నది.

ఇంతటి కేకు మా ఇంట ఆరేండ్లు ఆగిపోయినది. అత్తయ్యకు చక్కెరవ్యాధి. అందులో వింత యేమియు లేదు. భారత వైద్య పరిశోధన మండలివారు 2023లో ప్రకటించిన లెక్కల ప్రకారము దేశమున మధుమేహులు 10.1 కోట్లమంది. వింతయైనది రెండవ కష్టము. ఆమె మనుమరాలు, 9 ఏండ్ల పిల్ల, ఎంత తినినను ఎదుగక, రక్తము పట్టక, కడుపు ఉబ్బి ఉండెడిది. రెండేండ్లు నులిపురుగులకు మందు మ్రింగిన పిమ్మట, ఎవరో యొక డాక్టరుగారికి అనుమానము తట్టి రక్తపరీక్షయు, ఆపై చిన్నప్రేగునుండి తీసిన తునక పరీక్షయు చేయించగా, సీలియాక్ వ్యాధి యని తేలినది. గోధుమలోని గ్లూటెన్ లోనికి పోయినచో ఆ పిల్ల దేహము తన ప్రేగుమీద తానే యుద్ధము చేయును. దీనికి మందు లేదు. గోధుమ, బార్లీ, రై అను మూడు ధాన్యములను జీవితాంతము విడిచిపెట్టుటయే మందు.

గ్లూటెన్ అనగానేమో తెలిసికొనుటకు ప్రయోగశాల అక్కఱలేదు. మైదాముద్దను కుళాయి క్రింద పట్టి పిసుకుచుండిన, పాలవంటి పిండినీళ్ళు పోగా చేతిలో రబ్బరువంటి జిగురుముద్ద మిగులును, అదియే. బొలోన్యాలో బెకారి అను పండితుడు 18వ శతాబ్దమున చేసిన పని ఇంతే. పరోటా మాస్టరు పిండిని గాలిలో విసరి తుండుగుడ్డవలె సాచునపుడు అది చినుగకుండుట ఈ జిగురు పుణ్యము. అదియే కొందరి ప్రేగులకు పాపమని కనిపెట్టినవాడు డిక్కే అను డచ్చి పిల్లల వైద్యుడు. గోధుమమీద అతనికి అంతకుముందే అనుమానముండెను. 1944–45 నాటి కఱవు శీతకాలమున హాలండులో రొట్టె దొరకనపుడు ఆ అనుమానము బలపడెను. 1950లో యూట్రెక్ట్ విశ్వవిద్యాలయమునకు సమర్పించిన సిద్ధాంతగ్రంథమున అతడు దానిని నిరూపించెను.

ఇక ఇంటిలో ఒకరికి పిండిపదార్థము పనికిరాదు, మరియొకరికి గోధుమ పనికిరాదు. ఈ రెండును ఒకటేయని తలచువారే లోకమున ఎక్కువ. నేనును చాలకాలము అట్లే తలచితిని. మన అరిసెలో గోధుమ రేణువైనను లేదు. ఛత్తీస్‌గఢ్ పల్లెలలో పండుగకు వండు అయిరసా, ఒరియావారి అరిసెపిఠా, మన అరిసె, మూడును బియ్యపుపిండితో బెల్లపు పాకముతో పుట్టిన అక్కచెల్లెండ్రే. మంగ్లాలో పొరుగింటి అయిరసా మా ఇంటికిని, మా అరిసె పొరుగింటికిని పోయినపుడు ఏది ఎవరిదో పళ్ళెము చూచి చెప్పవలెనేగాని తిని చెప్పలేము. పిల్లకు అది నిర్భయముగా పెట్టవచ్చును. అత్తయ్యకు అది విషము. మన మూలపురుషుల గ్రంథములు మరొక చిక్కు తెచ్చును. ప్రమేహమునకు యవలు పథ్యమని చరకసుశ్రుతులు చెప్పిరి; యవలనగా బార్లీ; అత్తయ్యకు ఒప్పును, పిల్లకు తప్పును. తెలుగునాట ఖాదర్‌వలీగారి ప్రబోధముతో ఇంటింటికి వచ్చిన కొఱ్ఱలు, అరికెలు గ్లూటెన్ లేనివే. వానిలో పీచు అధికమే. ఐనను నూటికి 60 పాళ్ళు పైగా పిండిపదార్థమే. 2017–18 ప్రాంతమున వీరమాచనేని రామకృష్ణగారి విధానము మన ఊళ్ళను ఊపినపుడు మా బంధువుల ఇండ్లలో కొబ్బరినూనె సీసాలు, నిమ్మకాయల బుట్టలు పెరిగినవి. అన్నపు గిన్నె చిన్నదైనది. బంధువులు చెప్పగా విని అత్తయ్య మూడు వారములు ఆచరించి, నాలుగవ వారమున ఆవకాయ చూచి అన్నము కలుపుకొన్నది. ఆ విధానముల యోగ్యతాయోగ్యతలను నిర్ణయించుట ఈ వ్యాసకర్త పని కాదు. ఆ మూడు వారములలో ఆమె అడిగిన ప్రశ్న మాత్రము నన్ను వదలలేదు: “ఒరే, అన్నం మానేస్తాను సరే. ఆ కేకు ముక్క జన్మలో మళ్ళీ తిననేట్రా?”

నేను వంటవాడను కాను, లెక్కల గుమాస్తాను. కావున మొదట కాగితము తీసికొని కేకులో ఏ వస్తువు ఏ యుద్యోగము చేయుచున్నదో వ్రాసితిని. మైదా ఉద్యోగము తేలికది: కట్టడము నిలుపుట. ఆ పనిని గ్రుడ్లు చాలవరకు చేయగలవు. బాదంపిండి గోడలు నింపును. ఒక చెంచా ఇసబ్‌గోల్ పొట్టు జిగురు పెట్టును. మైదాను సాగనంపుట కష్టము కాదని తేలినది. పంచదార సంగతి అట్లు కాదు. తీపి దాని ఉద్యోగములలో ఒకటి మాత్రమే. తడిని పట్టి ఉంచును, ముక్కను మెత్తగా చేయును, పైన ఎఱ్ఱగా కాలుటకు తోడ్పడును, అన్నిటికంటె మించి, నీటిని తనలో బంధించి బూజును దగ్గరకు రానీయదు. ఒక్క మనిషి అయిదు కుర్చీలలో కూర్చుండిన ఆఫీసు వంటిది ఈ కేకు. అతనిని పంపిన పిదప అయిదుగురిని వెదకుకొనవలెను.

తీపి కుర్చీకి నేను వెదకినది ఎరిత్రిటాల్. ద్రాక్షలో, పుచ్చకాయలో కొద్దిగా ఉండు పదార్థమే. పంచదార తీపిలో 60–70 పాళ్ళు ఉండును, రక్తములో చక్కెరను దాదాపు పెంచదు. ఐతే 2023లో రక్తమున అది అధికముగా నున్నవారికి గుండెపోటు, పక్షవాతము ఎక్కువగా కనబడినవని అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ పరిశోధకులు వ్రాసిరి. అది సంబంధమేగాని కారణమని రుజువు కాలేదు. ఏడాదికొక కేకునకు పరవాలేదని నాకు తోచినది. దినము టీలో వేసికొనువారికి అట్లు చెప్పుటకు నాకు నోరు రాదు.

మొదటి కేకు నవంబరు చివర కాలినది. పచ్చి బొప్పాయి ముక్కలను ఎరిత్రిటాల్ పాకములో ఉడికించి, ఇంటి టూటీఫ్రూటీ చేసి, సాయంత్రమునకు గాజుకు తీసిపోని నిగనిగతో గిన్నెలో పోసి పడుకొంటిని. ప్రొద్దున లేచి చూడగా ప్రతి ముక్కయు తెల్లని గరుకు చొక్కా తొడుగుకొన్నది. ఎరిత్రిటాల్ వేడినీటిలో సులువుగా కరగును. చల్లారిన నీటిలో దానికి చోటు చాలదు. బయటికి వచ్చి స్ఫటికమగును. ఆ ముక్కలనే వేసి కాల్చిన కేకు పంటిక్రింద కరకరలాడినది. శర్కర అను సంస్కృతపదమునకు గులకరాయి, ఇసుక అనునవియు అర్థములే. పారసీకుల చేతిలో షకర్‌యై, ఐరోపాలో షుగరైన మాట అదియే. మన ఖండశర్కరలోని ఖండమే వారి క్యాండీ. ఇన్ని దేశములు తిరిగిన పదము మంగ్లాలో మా వంటింటికి వచ్చి తన మొదటి అర్థమును తిరిగి ధరించినది. అంతేకాదు, ఎరిత్రిటాల్ నోటిలో కరగునపుడు వేడిని లాగుకొనును. అత్తయ్య ఒక ముక్క నోట వేసికొని, కొంతసేపు అటునిటు త్రిప్పి, “ఇదేట్రా, కేకు తిన్నట్టు లేదు, పిప్పర్‌మెంటు సప్పరించినట్టుంది” అనెను.

రెండవ కేకు చక్కగా వచ్చినది, పాడుచేసినది అలవాటు. ఎరిత్రిటాల్ తగ్గించి, బొప్పాయిని పాకములో గాక లవంగము వేసిన నీళ్ళలో మెత్తబఱచి, అంతయు సిద్ధము చేసికొని నేను టిన్నునకు కాగితము కత్తిరించుచుంటిని. పండ్లు అడుగునకు దిగిపోకుండ వానిని పొడిపిండిలో దొర్లించి వేయుట పాత పద్ధతి. అత్తయ్య చేతులు ఆ పనిని 60 ఏండ్లుగా ఎఱుగును. అవి తమంత తాము పోయి, అలమారలోని డబ్బా మూత తీసి, ఒక చెంచా మైదాను ఎండుద్రాక్షమీద చల్లినవి. నేను తల యెత్తునప్పటికి ఆమె పళ్ళెమును రెండుచేతుల ఎగురవేయుచున్నది. ఇద్దరము ఒకరి మొగమొకరము చూచుకొంటిమి. “కడిగేస్తే పోదేట్రా?” అని చాల మెల్లగా అడిగినది. పోదు. మన ఆహారభద్రతా ప్రమాణముల ప్రకారము గ్లూటెన్ లేనిదని చెప్పుకొను వస్తువులో కిలోకు 20 మిల్లీగ్రాములకంటె గ్లూటెన్ ఉండరాదు. మైదాలో అది కిలోకు గ్రాములలో కాదు, పదుల గ్రాములలో ఉండును. ఆ కేకు కాలినది, పొంగినది, పరిమళించినది. పిల్ల దానిని దూరమునుండి చూచి, తనకు తెలిసిన విషయమే కనుక ఏమియు అడుగక, హోంవర్కు చేసికొనుటకు పోయినది. ఆ సాయంత్రము అత్తయ్య ఇంటిలోని మైదా, గోధుమపిండి, రవ్వ డబ్బాలను గూర్ఖా ఇంటికి ఇచ్చివేసినది. జల్లెడను కూడ ఇచ్చినది. ఇంగువ డబ్బాను నేను తీసి చూపితిని. బజారు ఇంగువలో మైదా కలుపుదురని చదువరులలో ఎందరికి తెలియును?

మూడవ కేకునకు సామాను తెచ్చుటకు శనిచరీ బజారునకు పోయితిమి. బాదమును పిండిమరకు పంపరాదు. ఆ రాళ్ళలో నిన్నటి గోధుమ ఉండును. ఇంటనే మిక్సీలో, వేడెక్కి నూనె వదలకుండ ఆపి ఆపి తిప్పి, క్రొత్త జల్లెడలో పట్టవలెను. నేలమీద గోనెపట్టా పఱచి అడవిసరుకులు అమ్ము ఒక ముసలామె దగ్గర సారపప్పు దొరికినది. ఇచ్చటివారు చిరౌంజీ యందురు, చెట్టును చార్ అందురు. మనము పాయసములో, మిఠాయిపైన చల్లు ఈ పప్పు బాదము వాసనకు తమ్ముడు. ఆమె ప్రక్క కుప్పలో ఎండిన ఇప్పపువ్వు ఉండెను. ముడుతలు పడి, గోధుమరంగున, అచ్చముగా కిస్‌మిస్‌వలె. ఎండుద్రాక్షకు బదులు ఇదే వేయుమని ఆమె సలహా. నోట వేసికొని చూడగా తీపియు, దాని వెనుక సారా జ్ఞాపకమును. వేయవలెనని నా మనసు ఊగినమాట నిజము. ఈ అడవిదేశపు కేకునకు అంతకంటె తగిన పండు ఏది? ఐతే ఎండిన ఇప్పపువ్వులో సగమునకు పైగా చక్కెరయే. మావయ్య ఉండియుండిన, పువ్వు వద్దులెమ్మని, దానినుండి తీసినదానిలో పండ్లను నానవేయుమనెడివాడు.

పిల్ల తినవలసినది కనుక రమ్ము లేదు. చిక్కగా మరిగించిన నల్లటీలో, రెండు లవంగములు వేసి, రాత్రి నానవేసితిమి. నాగపూరు నారింజలు ఈ ఊరికి డిసెంబరులో బుట్టలకొలది దిగును. వాని తొక్కలోని తెలుపు తగులకుండ పైపొరను మాత్రము తురిమితిమి. పండు పిల్లకు, తొక్క కేకునకు.

కొలతలు చెప్పెదను. బాదంపిండి 300 గ్రాములు, కొబ్బరిపిండి 30, వెన్న 125, గ్రుడ్లు 5, ఎరిత్రిటాల్ పొడి 80, పెద్ద చెంచాడు ఇసబ్‌గోల్, రెండు చిన్న చెంచాల బేకింగ్ పౌడరు, చిటికెడు ఉప్పు, దాల్చినచెక్క మొదలగు సుగంధద్రవ్యముల పొడి అన్నియు కలిసి రెండు చిన్న చెంచాలు. తీపి తగ్గినచోట పరిమళము పెరుగవలెను గనుక పాత కొలతకు ఇది ఇబ్బడి. ఆక్రోటు 50 గ్రాములు, సారపప్పు 30, లవంగపు నీట ఉడికిన బొప్పాయి 150, రెండు నారింజల తొక్కతురుము. మిగిలినది ఎండుద్రాక్ష. అక్కడ మాకు తగవు వచ్చినది.

నేను వేసిన లెక్క ఇది. పాత కేకులో మైదా, పంచదార, పండ్లు కలిపి సుమారు 800 గ్రాముల పిండిచక్కెరలు; 16 ముక్కలు కోసినచో ముక్కకు 50 గ్రాములు. క్రొత్త దానిలో, పీచును తీసివేసి చూడగా, బాదము, కొబ్బరి, బొప్పాయి, పప్పులు, గ్రుడ్లు అన్నియు కలిసి 55 గ్రాములకు మించవు. ముక్కకు మూడున్నర. ఇక 60 గ్రాముల ఎండుద్రాక్ష, అనగా ఒక పిడికెడు, తానొక్కతే 45 గ్రాములు తెచ్చును. గోడలు, కప్పు, వాకిలి కలిసి ఎంత పన్నో, మూలనున్న దేవుని గూటికి దాదాపు అంత పన్ను. మైదాను శత్రువని వెళ్ళగొట్టి, పంచదారను ద్రోహియని వెళ్ళగొట్టి, చివరకు చూడగా చక్కెర పండులోనే దాగియున్నది. ఎండుద్రాక్ష మానివేసి ఆక్రోటు పెంచుదమని నేనంటిని.

అత్తయ్య ఒప్పుకొనలేదు. “పప్పులేసి కాలిస్తే అది మిఠాయవుద్దిరా, కేకవదు” అన్నది. ఆమెకు తెలియకయే ఆమె మాటకు ఇంగ్లీషు నిఘంటువుల బలము కలదు: ప్లమ్ కేకులో ప్లమ్ అనగా ఆల్‌బుఖారా పండు కాదు, పూర్వపు ఇంగ్లీషువాడుకలో ఎండుద్రాక్షకే ఆ పేరు. అది తీసివేసినచో మిగులునది పేరు లేని రొట్టె. ఈ విషయమున వ్యాసకర్త ఆమె పక్షము. పథ్యము పేరిట ప్రియమైన వస్తువు ప్రాణమును తీసి, ఉత్త ఆకారమును పళ్ళెములో పెట్టుకొని, అచ్చము దానివలెనే ఉన్నదని ఒకరినొకరు మభ్యపెట్టుకొనుటకంటె, ముక్కకు మూడు గ్రాముల పన్ను చెల్లించుట మర్యాద. 60 గ్రాములును తూచి వేసితిమి. ఒక్కొక్క ద్రాక్షను నాలుగు తునకలు చేసితిమి. ప్రతి ముక్కలో ఒక తునకైన పంటికి తగులవలెనను ఆశ.

పండ్లు దిగిపోకుండ ఈసారి బాదంపిండిలోనే దొర్లించితిమి. ఓవెను 150 డిగ్రీలకు మించరాదు. బాదము తొందరపాటుది, లోపల ఉడుకకమునుపే పైన నల్లబడును. అరగంటకు పైన రేకుకాగితము కప్పి, మొత్తము 70 నిమిషములు కాల్చితిమి. పాత కేకు వాసన మొదట పంచదార మాడిన వాసనగా వచ్చి, వెనుక సుగంధద్రవ్యములను తెచ్చెడిది. దీనికి ముందు నారింజ, పిదప జాజికాయ, చివరకు వేగిన సారపప్పు. అది వేరు రాగము. వేడిగా కోసిన పొడియై రాలును. గ్లూటెన్ లేని ఇల్లు చల్లారినపిదపనే గట్టిపడును. పిల్ల కత్తి పట్టుకొని నాలుగు గంటలు టిన్ను చుట్టు తిరిగినది.

కోసినపుడు ముక్క నిలిచినది. మధ్యను కొంచెము కుంగినమాట నిజమే. రంగు పాతదానివలె నలుపు కాదు, గోధుమవన్నె. గోధుమ లేని కేకునకు ఆ మాట వాడుట నాకే నవ్వు తెప్పించుచున్నది. పిల్ల మొదటి ముక్కను వాసన చూడకయే మ్రింగి, రెండవదానిలో ద్రాక్ష తునకలను ఏరి, చివరకు తినుటకు అంచున వరుసగా పేర్చుకొన్నది. అత్తయ్య కన్నులు మూసికొని నమలి, “మా డ్రైవరమ్మ చేసినట్టు కాదులే” అన్నది. మరియొక చిన్న ముక్క కోసికొన్నది. రెండు గంటల పిమ్మట వ్రేలు గ్రుచ్చి యంత్రములో చూచుకొని, ఆ అంకెను నాకు చెప్పక, క్యాలెండరుమీద ఆనాటి గడిలో వ్రాసి, మూడవ ముక్క జోలికి పోలేదు.

ఒక్క లోటు మిగిలినది. పంచదార లేదు, రమ్ము లేదు. కావలి కాయువారు లేని కేకు. బయట నాలుగు దినములు, ఫ్రిజ్జులో పదిదినములు. అంతకుమించి ఉంచినచో బూజు. నెలల తరబడి లైన్ బాక్సులలో, రేకుడబ్బాలలో ఊరూర తిరిగి, ముదిరినకొలది రుచి పెంచుకొన్న ఆ పాత కేకు ఓపిక దీనికి రాదు. సంక్రాంతికి పార్వతీపురము పంపుట మాట యిక లేదని నేననుకొంటిని.

పిల్లను తీసికొని తల్లిదండ్రులు బడి సెలవులకు ఊరికి పోవు దినము వచ్చినది. కోర్బానుండి విశాఖపట్నము పోవు బండిని, అందరు లింక్ ఎక్స్‌ప్రెస్ అను దానిని, సాయంత్రము బిలాస్‌పూర్‌లో ఎక్కినచో తెల్లవారుజామునకు పార్వతీపురము. ఆ రాత్రి బండిలో అమ్మవచ్చు సమోసా, పూరీ, బ్రెడ్ ఆమ్లెట్ ఏదియు ఆ పిల్లకు పనికిరాదు. ప్రతి యాత్రలోను కిటికీ వైపు తిరిగి పడుకొనుట దానికి అలవాటు. అత్తయ్య లైన్ బాక్సు తెఱచి, అడుగునున్న పాత రేకుడబ్బాను తీసి, సబ్బుతో మూడుసార్లు కడిగి, ఎండబెట్టి, ఎనిమిది ముక్కలను వెన్న కాగితములో చుట్టి పేర్చినది. మూతమీద బట్టలకు గుర్తులు పెట్టు పెన్నుతో, తెలుగున ఒక వరుస, హిందీలో ఒక వరుస, వణకు చేత్తో వ్రాసినది: మైదా లేదు. వేరే చెయ్యి పెట్టొద్దు.

దారిలో పాడైపోదుకదా యని నేనడిగితిని.

“ఒక్క రాత్రికే కదరా,” అన్నది, మూత నొక్కుచు.